మేడమీది మస్కట్

ఇంట్లోంచి కాలు బయటపెట్టకుండా జీతం వస్తుందంటే మా కోరుట్లలో ఇంకా ఎవరూ నమ్మని రోజులవి. (బీడీలు చుట్టే మా అమ్మ ఒక్కతే నమ్మింది. చాట ఒళ్ళో పెట్టుకుని, "నేను ఇన్నేండ్ల సంది చేసేది గదే గదనే" అంది.) మా వైపు పని అంటే మగమనిషి విమానం ఎక్కాల్సిందే. మా బాపు నేను చంకలో ఉండగా మస్కట్ వెళ్ళాడు. ఎప్పుడో ఒకసారి సెలవు మీద వచ్చి, నాకు కొత్త పోయి దగ్గరికి చేరేలోపు తిరిగి వెళ్ళిపోయేవాడు. నా డిగ్రీ పూర్తయిన ఏడు మాత్రం గుండె జబ్బు తెచ్చుకుని పూర్తిగా వచ్చేశాడు. మెట్లు ఎక్కకూడదని, బరువు ఎత్తకూడదని, ఎంతకాలమని తమను అడగకూడదని చెప్పారు జగిత్యాల డాక్టర్లు. నేను హైదరాబాదు పోయి ఉద్యోగం చేస్తే మళ్ళీ తండ్రి ఒక ఊళ్ళో, కూతురు ఒక ఊళ్ళో. అందుకే ఎక్కడ కూర్చునైనా చేసుకోవచ్చనే ఉద్యోగం కోసం వెతికి వెతికి ఒకటి సంపాదించాను. పుట్టినప్పటి నుంచి ఫోన్లోనే ఉన్న మనిషిని, ఉన్నన్నాళ్ళయినా కళ్ళెదుట పెట్టుకోవాలన్నదే నా ఆశ.

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే బాపు మంచం మీద లేచి కూర్చుని విచారణ మొదలుపెట్టాడు. "ఏ దేశమే?" "మన దేశమే బాపూ, బెంగుళూరు కంపెనీ." "మరి బెంగుళూరు పోతవా?" "పోను. యాడ కూసోని చేసినా నడుస్తది." బాపు ముఖంలో అనుమానం చిక్కబడింది. "సర్టిఫికెట్లు గుంజుకున్నరా? పైసలేమన్న అడిగిండ్రా? ఏజెంటు ఎవడు?" ఏజెంటే లేడని చెప్పేసరికి ఇది పక్కా మోసమని తేల్చేశాడు పాపం. కంపెనీ వాళ్ళు ఇంటికి లాప్‌టాప్ పంపించాక గానీ నెమ్మదించలేదు. అప్పుడు కూడా ఒక చిక్కు మిగిలింది. "మనిషి పోవాలె, పనిజెయ్యాలె, రావాలె. పోకుంట పనేంది?"

మనిషి పోవాలన్న ఆయన కోరిక వృథా పోలేదు. శిక్షణ రోజుల్లో కాల్‌లో ఉన్నంతసేపూ వెనక ఏ చప్పుడూ వినపడకూడదని, వినపడితే ఇంటికి పంపేస్తామని కంపెనీ వాళ్ళు చెప్పారు (ఇంట్లో ఉన్నదాన్ని ఇంటికెలా పంపుతారో నాకు అర్థం కాలేదు). మా వాకిట్లో చూస్తే పొద్దున్నుంచీ బీడీలు చుట్టే ఆడవాళ్ళ ముచ్చట్లు. అందుకని ఆ కొద్దిరోజులూ సిరిసిల్లలో చిన్నత్త ఇంటికి పోదామనుకున్నాను. "మా ఇల్లు మస్తు నిమ్మళంగ ఉంటది, రా బిడ్డా" అంది అత్త ఫోన్లో. ఇక బాపు ఊరుకుంటాడా? గల్ఫుకు పోయేవాళ్ళను ఎలా సాగనంపుతారో నన్నూ అలాగే సాగనంపాడు. అమ్మను తోడిచ్చి కొండగట్టు అంజన్నకు మొక్కించాడు. మామిడికాయ తొక్కు, సకినాలు, ఉప్పు చేపలు అట్టపెట్టెలో సర్దించి, పెట్టెకు నైలాన్ తాడు తనే బిగించి, నాలుగు వైపులా నా పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి చేతిలో నోట్లు పెట్టారు. ఒక ముసలమ్మ నా గదుమ పట్టుకుని ఏడ్చింది కూడా. నేను పోయేది మధ్యాహ్నం అన్నానికి అందే ఊరికి!

సిరిసిల్లలో బస్సు దిగి అత్త ఇంటికి పోతే తెలిసింది, ఆ ఇంటికి గోడ అవతలా ఇవతలా సాంచాలు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. నేల కూడా సన్నగా అదురుతోంది. "అత్తా, గీ సప్పుడేంది?" అని అరిచాను. "ఏ సప్పుడే?" అంది అత్త, నిజంగానే ఆశ్చర్యపోయి. మెట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే ఉందేమో, ఆమె చెవులకు అది ఎప్పుడో మాయమైపోయింది. మొదటిరోజే మా మేనేజరు "నువ్వు రైల్లో ఉన్నావా?" అని అడిగింది. భయంతో అవునన్నాను. మర్నాడు కూడా అడిగింది, అవునన్నాను. మూడోనాడు "ఇంకా దిగలేదా?" అంది. నా దగ్గర ఇక స్టేషన్లు లేవు. అట్టపెట్టె తాడు విప్పకుండానే కోరుట్లకు వచ్చేశాను. బాపు మాత్రం కోప్పడలేదు. "జాగ మంచిది దొరకకుంటే వాపస్ అచ్చుడే బిడ్డా. సిగ్గేంది? మస్కట్ల మా క్యాంపు నుంచి ఎంతమంది వాపస్ రాలేదు!" అని వీపు మీద చెయ్యి వేశాడు. తర్వాత మేనేజరుకు నిజం చెప్పుకుంటే ఆమె కడుపుబ్బా నవ్వి, ఇంకో అవకాశం ఇచ్చింది. మేడమీది గదిలో చప్పుడు రాకుండా కిటికీకి పాత బొంతలు కట్టుకుని అక్కడ చేరాను.

ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం కదా, ఇక తండ్రీకూతుళ్ళ ముచ్చట్లకు అంతుండదనుకున్నాను. ఏం లాభం? డ్యూటీ అయ్యాక దిగివచ్చి ఆయన మంచం పక్కన కూర్చుంటే, "తిన్నవా?" "తిన్న." "గోలీలేసుకున్నవా?" "ఏసుకున్న." అంతే. ఆ తర్వాత ఇద్దరం గోడనున్న బల్లిని చూసేవాళ్ళం. ఎదురెదురుగా ఉండి మాట్లాడుకోవడం మాకు అలవాటే లేదు. చేతిలో ఉన్న కాలం కరిగిపోతోంది, మేము బల్లిని చూస్తున్నాం.

ఒకనాడు భోజనం వేళ నా ఫోన్ మోగింది. కింది నుంచి బాపు. కంగారుగా ఎత్తాను. "హలో... ఎట్లున్నవ్ బిడ్డా? అక్కడ ఎండలు ఎట్లున్నయ్?" నేను కిటికీ బొంత పక్కకు జరిపి చూసి, "బాగనే కొడుతున్నయ్ బాపూ. అక్కడ?" అన్నాను. "ఇక్కడ గూడ గంతే" అన్నాడు, మెట్ల కింద కూర్చున్న మనిషి. ఇక ఆ రోజు నుంచి రోజూ ఫోనే. ఫోన్ చెవిలో పెట్టుకుంటే చాలు, ఆయనకు మాటలు ఎక్కడెక్కడి నుంచో ఊరేవి. క్యాంపులో అందరికీ పప్పు వండడం, ఎండకు చెప్పు తారుకు అతుక్కోవడం, అన్నీ. ఒకసారి, "నువ్వు నన్ను ఫోన్ల తిడుతవని దోస్తులకు చెప్పేటోన్ని" అన్నాడు. నేనెప్పుడు తిట్టానని అడిగాను. "తిట్టలే. కని తిట్టే బిడ్డ ఉన్నోడంటే క్యాంపుల ఇజ్జత్ ఉంటుండె." అప్పటికప్పుడు, మాత్రలు ఎగ్గొడుతున్నందుకు పైనుంచి గట్టిగా తిట్టాను. కింద ఎంత సంతోషంగా నవ్వాడో ఫోన్లోనూ వినిపించింది, మెట్లమీదుగానూ వినిపించింది.

వర్షాలు మొదలయ్యాక ఆయన్ను జగిత్యాల ఆసుపత్రిలో చేర్చాం. గుండె జబ్బుల గదిలో ఎవరినీ ఎక్కువసేపు ఉండనిచ్చేవారు కాదు. నేను తలుపు బయట ఇనుప కుర్చీలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని చేసేదాన్ని. ఎక్కడ కూర్చునైనా చేసుకునే ఉద్యోగమంటే ఇదీ ఒక చోటేనని అప్పుడు తెలిసింది. ఒక మధ్యాహ్నం నర్సు, అడిగి అడిగి విసిగించాడేమో, ఆయన చేతికి ఫోన్ ఇచ్చింది. "ఏడున్నవ్ బిడ్డా?" గొంతు సన్నగా ఉంది. "ఈడనే బాపూ, తలుపు అవుతల." "డ్యూటీల ఉన్నవా?" "ఉన్న. బంద్ చేసి రావాల్నా?" "వద్దు వద్దు, చేసుకో. గిట్లనే మాట్లాడు." మాట్లాడాను. ఎండలు పోయాయనీ, ఇక్కడ వాన పడుతోందనీ చెప్పాను. "ఇక్కడ గూడ..." అన్నాడు. ఆ తర్వాత ఊపిరి చప్పుడు వింటూ చాలాసేపు అలాగే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆ మర్నాడే బాపు పోయాడు.

లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకోవాల్సింది కదే అని చుట్టాలు అంటే నేను లేచి మేడమీదికి పోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, ఆఫీసు పనికి పెట్టుకునే అంత పెద్ద హెడ్‌ఫోన్లు మెడలో వేలాడేసుకుని, ఆసుపత్రి కుర్చీలో కళ్ళు తుడుచుకుంటూ తండ్రికి వాతావరణం చెబుతున్న ఆ పిచ్చిపిల్ల మీద నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. తలుపు తీసుకుని వెళితే మళ్ళీ "తిన్నవా" దగ్గరే ఆగిపోతామని ఆ పిల్లకు తెలుసు. ఆయనకూ తెలుసు.