పైలట్ ట్రాక్‌లో మామ్మ

మూడేళ్ల కిందట, ఆషాఢం మొదట్లో, ఒక జపాన్ యానిమే, అంటే బొమ్మల సిరీస్‌కు తెలుగు మాటలు రాసే పని నాకు అప్పగించారు. స్టూడియో హైదరాబాద్‌లో ఉండేది. నేను విజయనగరంలోని మా ఇంటి నుంచే పనిచేసేదాన్ని. నా హోదా డైలాగ్ అడాప్టర్. నా పైన డబ్బింగ్ డైరెక్టర్, ఆయన పైన ఓటీటీ సంస్థ తరఫున భాష చూసే అధికారిణి. ఆ పైన ఎవరుంటారో నాకెప్పుడూ తెలియలేదు. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. ముప్పై రెండేళ్లకే రిటైరయ్యానంటే మా ఆయన నవ్వుతారు గానీ, పని వదిలెయ్యడానికి నాకు వేరే మాట తోచలేదు.

ఈ పనిని చాలామంది అనువాదం అనుకుంటారు. అది సగమే నిజం. మాకు వీడియో వస్తుంది, దానితోపాటు ఇంగ్లీషు స్క్రిప్టు వస్తుంది. అర్థం అందులో దొరుకుతుంది. కొలత మాత్రం బొమ్మ నోటిలో ఉంటుంది. యానిమేలో నోరంటే సాధారణంగా మూడు బొమ్మలే. మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. మనుషులు నటించిన సినిమాలో అయితే ప, బ, మ లాంటి అక్షరాలు పెదవులు కలిసే చోటే పడాలి. ఇక్కడ అంత పట్టింపు లేదు. కాని నోరు ఆడినంతసేపే మాట ఉండాలి. నోరు మూసుకున్నాక మాట మిగిలితే ఆ పాత్రకు దయ్యం పట్టినట్టు ఉంటుంది. ఒక వెసులుబాటు కూడా ఉంది. జపనీస్‌లోనూ మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. ‘నిన్ను నేను...’ అని ఆగి, చంపుతాడో క్షమిస్తాడో చివరి క్షణం దాకా చెప్పకుండా ఉంచవచ్చు. ఇంగ్లీషు డబ్బింగ్ వాళ్లకు ఆ సుఖం లేదు.

రాసినది నోటికి సరిపోయిందో లేదో తేల్చడానికి అడాప్టరే అన్ని పాత్రలనూ తన గొంతుతో చదివి రికార్డు చేసి పంపాలి. దాన్ని మా స్టూడియోలో పైలట్ ట్రాక్ అనేవాళ్లం. వాయిస్ ఆర్టిస్టులు వేగం తెలుసుకోవడానికి దాన్ని వింటారు, తమ గొంతు రికార్డయ్యాక తీసేస్తారు. బయటివాళ్ల చెవిన పడకూడని సరుకు అది. నేను పడకగది బీరువా తలుపులు తీసి, నేత చీరల మధ్య తల పెట్టి రికార్డు చేసేదాన్ని. గది ప్రతిధ్వనిని చీరలు మింగేస్తాయి. మొదటి రోజుల్లో మా అత్తగారు బయటి నుంచి నా యుద్ధ సన్నివేశం విని, దుకాణంలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నారు.

ఈ సిరీస్ కథ ఒక చేపలరేవు ఊరిలో జరుగుతుంది. పదహారేళ్ల మనవరాలు, ఆమెను పెంచిన మామ్మ, వేటకు వెళ్లే తండ్రి. సముద్రంలో ఒక రాక్షసుడు కూడా ఉన్నాడు గానీ నాకు కావలసింది మామ్మ. చేపలు ఎండబెడుతూ అందరినీ కసురుతూ ఉండే మనిషి. జపనీస్‌లో ఆమెది రాజధాని భాష కాదని, ఊరి యాస అని స్క్రిప్టులోనే రాశారు. ఆమెను చూడగానే నాకు మా వైపు మాట వినిపించింది. మామ్మ మాటలన్నీ ఉత్తరాంధ్ర యాసలో రాశాను.

డబ్బింగ్ డైరెక్టర్ ప్రభాకర్‌గారికి అవి నచ్చాయి, భయమూ వేసింది. ఆయన ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారు. మన సినిమాల్లో ఈ యాస ఎప్పుడూ హాస్యానికే వాడారమ్మా, నోరు తెరవగానే నవ్వుతారు, అన్నారు. ఆయన భయం అంతా మూడో ఎపిసోడ్ గురించి. తుపానులో తండ్రి పడవ తిరిగి రాదు. మనవరాలు ఒడ్డున కూలబడి ఏడుస్తుంది. అక్కడ మామ్మ మాట్లాడాలి. సంస్థ అధికారిణి ఆ చోటికి తనే ఒక మాట రాసి పంపారు: ‘ఏడవకు తల్లీ, ధైర్యంగా ఉండు, మీ నాన్న తప్పకుండా తిరిగి వస్తాడు.’ నోటికి సరిపోతుంది. తప్పేమీ లేదు. కాని ఆ మామ్మ అలా మాట్లాడే మనిషి కాదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మా ఊళ్లో యానిమే అభిమానుల బృందం ఒకటి ఉంది. ఆదివారాలు ఒక కోచింగ్ సెంటర్ మేడమీద హాల్లో కలిసి సిరీస్‌లు చూసి వాదించుకుంటారు. వాళ్లకు మూడో ఎపిసోడ్ వేసి చూపిద్దామని ప్రభాకర్‌గారు అన్నారు. షరతు స్పష్టంగా పెట్టారు. ఒడ్డు సన్నివేశంలో ఎవరైనా నవ్వితే యాస మొత్తం తీసేస్తాం. నవ్వకపోతే అధికారిణితో ఆయనే మాట్లాడతారు.

అప్పుడు నాకు ఐదో నెల. నాకు ప్రతిదానికీ ఆందోళనే. మెట్లెక్కవచ్చా, హాల్లో గాలి ఆడుతుందా, వాళ్లు నవ్వుతారా, నవ్వితే నాకు తర్వాతి సిరీస్ ఇస్తారా. అన్నీ ఒకే బరువుతో మనసులో ఉండేవి. తలుపు పక్క కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

హాలు నిండా కుర్రకారు. ప్రదర్శనకు ముందే వాళ్లలో వాళ్లకు యుద్ధం మొదలైంది. సబ్ పార్టీ, డబ్ పార్టీ. జపనీస్ గొంతులే వింటూ సబ్‌టైటిల్స్ చదివేవాళ్లు మొదటివాళ్లు. సబ్ పార్టీ నాయకుడు కిరణ్, చీపురుపల్లిలో మొబైల్ దుకాణం నడుపుతాడు, రైలెక్కి వచ్చాడు. అన్నను జపనీస్‌లో పిలిచినట్టే పిలవాలనీ, ‘అన్నయ్యా’ అంటే సీరియల్ చూస్తున్నట్టుంటుందనీ అతని వాదం. కళింగపట్నం నుంచి వచ్చి ఇక్కడ నర్సింగ్ చదువుతున్న గౌరి డబ్ పార్టీ.

“ఒరే, జపాన్లో పుట్టినోడిలా మాటాడకు. నీది చీపురుపల్లి” అంది గౌరి.

“నీకు సదవడం రాక డబ్బింగ్ అంటన్నావు.”

“సదివి సదివి నీకు కళ్లద్దాలొచ్చేసినాయి. బొమ్మ ఎప్పుడు సూస్తావు?”

హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రభాకర్‌గారు నవ్వుతూ పెన్‌డ్రైవ్ పెట్టారు. దీపాలు ఆర్పారు. తుపాను మేఘాలు, సంగీతం, పడవ మీద తండ్రి. ఆరడుగుల గడ్డపు మనిషి. నోరు తెరిచాడు. నా గొంతు వచ్చింది.

మామ్మకు మాత్రమే నా గొంతు, మిగతా పాత్రలకు ఆర్టిస్టుల గొంతులు ఉన్న ఫైల్‌కు బదులు, స్టూడియోలో ఎవరో కాపీ చేసేటప్పుడు మొత్తం పైలట్ ట్రాక్ ఉన్న ఫైల్‌ను పెట్టేశారు. రెండు ఫైళ్ల పేర్ల చివరా ‘ఫైనల్’ అనే ఉంది. తెర మీద తండ్రి నేనే, మనవరాలు నేనే, సముద్రపు రాక్షసుడూ నేనే. రాక్షసుడు చేతులెత్తి గర్జిస్తున్న చోట మా ఇంటి కుక్కర్ కూత వేసింది. హాలు హాలంతా పడి పడి నవ్వింది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. ప్రభాకర్‌గారు లేచి ఆపబోయారు. కిరణే ఆపనివ్వలేదు. ఇంత బాగున్న డబ్బింగ్ తను జన్మలో వినలేదని, పూర్తిగా వెయ్యాల్సిందేనని అన్నాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.

రాక్షసుడు ‘ఈ రేవును నామరూపాలు లేకుండా చేస్తాను’ అని ముగించగానే, బీరువా అవతల నుంచి మా అత్తగారి గొంతు తాపీగా వినిపించింది.

“ఒసే, మాత్ర ఏసుకున్నావేటి?”

ఆ నవ్వు చల్లారడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నా లోపల మాత్రం లెక్క తేలిపోయింది. ఇంతలా నవ్వుతున్న హాలు ఒడ్డు సన్నివేశంలో మూతి బిగించుకుని కూర్చోదు. యాస పోయినట్టే.

ఒడ్డు వచ్చింది. వాన మొదలవుతోంది. మనవరాలు ఇసుకలో కూలబడి ఏడుస్తోంది. మామ్మ వచ్చి వెనక నిలబడింది.

“ఏడిస్తే సముద్రం ఇంకిపోద్దేటి? లెగు. ఎండేసిన సేపలు తడిసిపోతన్నాయి. ముందు అయి తియ్యి. మీ అయ్యొస్తే ఏటి తింటాడు?”

హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఒక్కరే, బాగా వినబడేలా నవ్వారు. గౌరి.

ప్రభాకర్‌గారు నావైపు చూశారు. షరతు షరతే. నేను తల ఊపాను.

దీపాలు వేశాక ఆయన ముందు గౌరినే అడిగారు. కసిరినట్టు కాదు, డాక్టరు నొప్పి ఎక్కడని అడిగినట్టు. ఎందుకు నవ్వావమ్మా అన్నారు. గౌరి చున్నీతో కళ్లు తుడుచుకుంటూ లేచింది. అప్పుడు గమనించాను, ఆ పిల్ల నవ్వడమే కాదు, ఏడ్చింది కూడా.

“మా మామ్మ అంతేనండి. మనం ఏడుస్తా ఉంటే ఊరుకోమనదు, పని సెప్తాది. మా అయ్య బోటు రెండ్రోజులు రాకపోతే నాసేత వలలన్నీ ఇప్పించి మల్లీ సుట్టించింది. ఆవిడే ఇక్కడికొచ్చి నిలబడ్డట్టనిపించి నవ్వొచ్చింది. తప్పైతే సెప్పండి.”

కిరణ్ లేచాడు. సబ్ పార్టీ నాయకుడు కనుక అందరూ కాచుకున్నారు. తను ఆ సన్నివేశం జపనీస్‌లో ముందే చూశాననీ, అప్పుడు మామ్మ మంచిది కాదనుకున్నాననీ చెప్పాడు. కింద అక్షరాలు చదువుతుంటే కసిరినట్టే ఉంది, కసరడం వెనక ఏముందో ఇవాళే తెలిసింది, అన్నాడు. అంతలో ముందు తగువు గుర్తొచ్చి, మిగతా డబ్బింగులకు మాత్రం తను వ్యతిరేకమేనని చేర్చాడు.

నాకు ఊపిరి వచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు. గౌరి మళ్లీ చెయ్యెత్తింది.

“ఒక్కటండి. మామ్మేమో కళింగపట్నంలో ఉన్నాది, మనవరాలేమో న్యూస్ ఛానెల్లో ఉన్నాది. ఒకే ఇంట్లో ఉన్నోల్లు అలా మాటాడతారేటి?”

నిజమే. మామ్మ ఒక్కదాని కోసం పోట్లాడాను గానీ, ఆమె పెంచిన పిల్లకు పత్రికల తెలుగు రాశాను. హాలంతా గౌరితో ఏకమైంది. మనవరాలు స్నేహితులతో ఒకలా, మామ్మతో ఒకలా మాట్లాడాలని ఒకరు, టీచరు ముందు మళ్లీ మారాలని ఒకరు. అక్కడ కూర్చున్నవాళ్లంతా రోజూ చేసే పనే అది. నేను అడిగిన దానికంటే ఎక్కువ దొరికింది, దానితోపాటు సిరీస్ మొత్తం మళ్లీ రాసే పని కూడా.

చివర్లో మాట భవిష్యత్తు మీదికి మళ్లింది. ఇంకొన్నాళ్లకు మిషనే అన్ని భాషల్లో మాట్లాడేస్తుందనీ, తమకు ఈ బాధలుండవనీ కిరణ్ అన్నాడు. గౌరి మాత్రం, మిషన్‌కు మాత్ర ఏసుకున్నావేటని అడిగే అత్త ఉంటాదేటి అంది. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే ప్రతివాళ్లూ నన్ను అదే ప్రశ్న అడిగారు. నిజంగానే మరిచిపోయాను. ఇంటికెళ్లి వేసుకున్నాను.

ప్రభాకర్‌గారు మాట నిలబెట్టుకున్నారు. షరతు ప్రకారం నవ్వు వినబడిందని దాచకుండా అధికారిణికి చెప్పి, ఆ నవ్వు ఎలాంటిదో కూడా చెప్పారు. గౌరి మాటలను ఉన్నవి ఉన్నట్టు వినిపించారట. అనుమతి వచ్చింది. మామ్మకు ముందు అనుకున్న ఆర్టిస్టు హాస్యంలో దిట్ట. ఆమె ప్రతి మాటకూ చివర ఒక సాగదీత చేర్చారు. వినగానే నవ్వు వచ్చేది, ప్రభాకర్‌గారు మొదట భయపడిన నవ్వే. రెండు రోజులు ప్రయత్నించాక ఆయన పైలట్ ట్రాక్ మళ్లీ విని, నాకు దగ్గరని విశాఖపట్నంలోని ఒక స్టూడియోకి పిలిపించారు. ఏడో నెలలో మామ్మకు గొంతు ఇచ్చాను. రెండు వాక్యాలకే ఆయాసం వచ్చేది. ముసలావిడకు సరిగ్గా కుదిరిందన్నారు. అత్తగారు తోడు వచ్చారు గానీ, ఆమెను గాజు గది బయటే కూర్చోబెట్టారు.

కిరణ్ చెప్పింది కొంత జరిగింది. మా పాప పుట్టాక నాకు వచ్చిన పని మిషన్ రాసిన మాటలను సరిదిద్దడం. కొన్నాళ్లు చేసి మానేశాను. పిల్లతో కుదరకా, రుచించకా, రెండూ. కిందటి నెల ఆ సిరీస్ రెండో భాగం తెలుగులో వచ్చింది. ఈసారి గొంతులు కూడా మిషన్‌వేనట. గౌరి ఇప్పుడు శ్రీకాకుళంలో నర్సు. డ్యూటీ దిగి తోటి నర్సులతో కలిసి చూశాక నాకు మెసేజ్ పెట్టింది. మామ్మ నోరు, మాట అక్షరం తేడా లేకుండా కలిశాయట. ‘కాని ఈసారి ఎవరూ నవ్వలేదు మేడమ్’ అని రాసింది.

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. రెండే చెబుతాను. ఫైల్ పేరు చివర ‘ఫైనల్’ అని ఉన్నా తెరిచి వినండి. ఎవరైనా నవ్వితే తీసేద్దామని ఒప్పుకునే ముందు, ఏ నవ్వుకు తీసేస్తారో తేల్చుకోండి.