కాంటాంకరస్ మామ్మగారు

రాయపూర్ రాజధాని అయిన కొత్తలో ఊరంతటికీ ఇంగ్లీషు జ్వరం పట్టుకుంది. నిన్నటిదాకా బియ్యం మిల్లుల్లో, ఇనుప దుకాణాల్లో హాయిగా హిందీలో బేరాలాడుకున్నవాళ్ళు, రేపు పెద్ద ఆఫీసర్ల ముందు నోరు పెగలదేమోనని బెంగపెట్టుకున్న రోజులవి. నలభైకి దగ్గరపడుతూ కూడా కుర్రాణ్ణేనని నమ్ముతున్న నేను, ఉన్న ఉద్యోగం ఊడగానే రైల్వే కాలనీ పక్క సందులో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు తెరిచాను. జనం వందల్లో విరగబడ్డారు. (సరే, పదకొండు మంది. వానొస్తే అందులో సగం.)

గది మామ్మగారిది. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రైల్వే గార్డుగారి భార్య. ఆయన పోయాక ముందుగది అద్దెకిచ్చి వెనక గదుల్లో ఉండేవారు. ఆవిడ కోపం నేను కళ్ళారా చూసిన మహాద్భుతం. ఆవిడ గుమ్మంలోకొస్తే సందులో ఆటోలన్నీ హారన్లు ఆపేసేవి. (ఒక్క ఆటో. దాని హారన్ అంతకుముందే పాడైందట.) కోపం హద్దు దాటితే తాళంకప్ప పట్టుకొచ్చేవారు. నాకు ముందు అద్దెకున్న దర్జీ, పెళ్ళిళ్ళ రోజుల్లో, ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ లోపలుండగా ఆ తాళం వంక చూస్తూ వీధిలో నిలబడ్డాడు. ఆ గది పోతే నాకు క్లాసు లేదు; క్లాసు లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

నా బోధనకో పద్ధతి ఉండేది. ఒక్కో ఇంగ్లీషు మాటని అందరికీ తెలిసిన ఒక్కో మనిషికి తగిలించడం. మనిషి గుర్తుంటే మాట గుర్తుంటుంది. ఆ వారం పాఠం కోపతాపాలు. చిన్నదానికీ పెద్దదానికీ చిరచిరలాడే పాలవాడు పీవిష్. మూతి ముడుచుకుని పలకని పోస్టుమాస్టరు సల్కీ. ఇట్టే భగ్గుమనే కిరాణా సేఠ్ ఇరాసిబుల్. ఇక ఎవరితోనైనా, ఎప్పుడైనా, దేనికైనా పోట్లాటకి సిద్ధంగా ఉండే మనిషికి కాంటాంకరస్ అనే మాట ఉంది. దానికి ఎవరిని తగిలించాలో నేను చెప్పనక్కర్లేకపోయింది. తిల్దా నుంచి రోజూ రైల్లో వచ్చే బియ్యం మిల్లు గుమాస్తా అందుకోగానే, క్లాసంతా ఒక్క గొంతుతో, "మామ్మగారు ఈజ్ కాంటాంకరస్!" అంది.

గోడ అవతల గిన్నె కిందపడ్డ చప్పుడైంది. తలుపు తోసుకుని మామ్మగారు. చేతిలో తాళంకప్ప.

"ఏటయ్యా మాస్టారూ, నా పేరెట్టి గుంపంతా ఏటరుస్తన్నారు? క్యా బోలా ముఝే?"

నేను సింహంలా నిలబడి సమాధానం చెప్పాను. (అబద్ధం. నల్లబల్ల వెనక్కి జరిగాను.) చెప్పింది ఆ గుమాస్తాయే. "గుస్సేవాలీ, దాదీ. మాస్టర్‌జీ నే సిఖాయా." కోపిష్టి మనిషని అర్థం చెప్పడమే కాక, నేర్పింది నేనేనని పట్టించేశాడు.

మామ్మగారు ఆగిపోయారు. "గుస్సాకి ఇంత పెద్ద మాటా? మరి ఎదురింట్లో మా తోటికోడలికేటెట్టారు?"

"క్రాంకీ అండీ," అన్నాను నల్లబల్ల వెనకనుంచే. "ఉత్త చిరాకు."

"అంతేనా?" ఆ ముఖంలో వెలుగు చూడటం అదే మొదలు. బెంచీ చివర కూర్చుని, "మిగతావీ సెప్పు," అన్నారు. ఒక్కొక్కటీ చెప్పాను. వింటూ వింటూ బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "బాప్ రే! ఆ దొరల ఇళ్ళల్లో ఎంతమంది కోపిష్టోళ్ళుంటే ఇన్ని మాటలు కావలసొచ్చాయో!"

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

"మా గార్డుగారు డ్యూటీ నుంచి రాకపోతే భయంతో అరిసీదాన్ని. వండిన కూర సల్లారిపోతే అరిసీదాన్ని. పిల్లకి జొరమొస్తే అరిసీదాన్ని. అన్నిటికీ ఆయన ఒకటే మాట, 'నీకెప్పుడూ గుస్సాయే' అని. ఇది ఏ రకం గుస్సా అని ఒక్కపాలీ అడగనేదు."

అన్నాళ్ళూ నేను ఉరుముకి భయపడ్డాను గాని, దాని వెనకున్న ఆకాశం ఎంతదో తలెత్తి చూడలేదు. ఆవిడ లేచి, తాళంకప్పని నల్లబల్ల పక్క మేకుకి తగిలించి, "రేపు కొత్తది సెప్పాలి," అని వెళ్ళిపోయారు. అది మొదలు రోజూ క్లాసుకి ముందు తలుపులోంచి తొంగిచూసి ప్రకటించేవారు: "మాస్టారూ, ఇయాల సల్కీ. నాతో మాటాడకండి." మేమూ మహా మర్యాదగా నోరు మూసుకునేవాళ్ళం.

ఇప్పుడు ఆ గదిలో మొబైల్ కవర్లమ్ముతున్నారు. నేను నయా రాయపూర్‌లో, అంతంత వెడల్పు రోడ్ల మధ్య, పోట్లాడదామన్నా మనిషి కనపడని చోట ఉంటున్నాను. మొన్న మనవరాలు నన్ను "గ్రంపీ తాతయ్యా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంతేనా నా హోదా? "కాంటాంకరస్ అనవే," అన్నాను. "అంటే ఎలా ఉంటారు తాతయ్యా?" అని అడిగింది. ఆ మాటకి తగ్గ మనిషిని దానికి ఎక్కడని చూపించను? అద్దం ముందు నిలబడి, కనుబొమలు ముడిచి, నా శాయశక్తులా ప్రయత్నించాను.

మహా అయితే పీవిష్.