మానుకోట సోఫా, చెల్పూరు తెర

మొన్న చలికాలంలో చెల్పూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, “మామా, అమ్మకు టీవీల మొకాలు తెలుస్తలేవంట. బొమ్మ పెద్దగుంటె జర నయమని కండ్ల డాక్టరన్నడు. ఇంట్లకే ఒక ప్రొజెక్టర్ తీసుకుంటె ఎట్లుంటది?” అని అడిగినప్పుడు, కొనే పని నాకు వదిలెయ్యమన్నాను. అతను అక్కడి థర్మల్ ప్లాంటులో ఇంజనీరు, కూర్చున్నచోటి నుంచే ఆర్డరు పెట్టగలడు. కానీ మా అక్కకు మిగిలిన చూపు ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పాడట. ఆ చూపు ఉండగా ఆమెకు మళ్ళీ ఒక పెద్ద తెర చూపించే బాధ్యత నాదేనని నాకనిపించింది, ఎందుకంటే ఆమె పెద్ద తెర ముందు కూర్చోకుండానే వెనక్కి తిరిగిన రోజున పక్కన ఉన్నది నేనే.

మహబూబాబాదును మా వయసువాళ్ళం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. అక్కడి సినిమా హాలు మా తాత ఇచ్చిన జాగాలో కట్టారు. కిరాయి సంగతి మాట్లాడక ముందే ఆయన పెట్టిన షరతు ఒక్కటే, బాల్కనీ చివర మా ఇంటివాళ్ళకు ఒక సోఫా ఉండాలని. ఎర్ర రెక్సిన్ సోఫా, దాని ముందు ఒక పరదా. దీపాలు ఆరిపోయాక పరదా తీసేవారు, అప్పుడు మా ఆడవాళ్ళు బొమ్మ చూసేవారు. మేం వచ్చేదాకా ఆట మొదలయ్యేది కాదు. హాలు యజమాని గేటు దగ్గర నిలబడి మా జీపు కోసం చూసేవాడు, కింద నేల మీద జనం బఠానీలు తింటూ కాలక్షేపం చేసేవారు. దాన్ని మేం గర్వమనుకోలేదు, అన్నం ముందు చేతులు కడుక్కోవడం లాంటి మర్యాద అనుకునేవాళ్ళం. ఆ మాట ఈ రోజుకూ వెనక్కి తీసుకోను.

తర్వాత భూములు పోయాయి, మా బాపు, అంటే నాన్న, పెట్టిన బియ్యం మిల్లు పోయింది, హాలున్న జాగా కూడా చేతులు మారింది. ఎవరినీ అనవలసింది లేదు. కాన్పయ్యాక అక్క మొదటిసారి బయటికి బయలుదేరిన రోజున, పసివాణ్ణి అమ్మకు అప్పగించి, బాపూ అక్కా నేనూ ఎప్పటిలాగే ఆటకు వెళ్ళాం. గేటు దగ్గర ఎవరూ లేరు. బాల్కనీ తలుపు దగ్గర కొత్త మనిషి టార్చిలైటు మా పాదాల మీద వేసి టికెట్లు అడిగాడు. తలుపు సందులోంచి చూస్తే సోఫా ఉన్నచోట కుర్చీల వరస, వాటిలో జనం, తెర మీద ఒక స్త్రీ ముఖం. బాపు వెనక్కి తిరిగాడు. రిక్షాలో అక్క సోఫా మాటే ఎత్తలేదు. “మనం రాకముందే సురువు చేసిన్రు బాపూ” అని మాత్రం అంది. ఆ తర్వాత ఆమె ఏ హాలు మెట్లూ ఎక్కలేదు. చెల్పూరు పక్కనున్న భూపాలపల్లిలో సినిమాకు కొడుకు ఎన్నిసార్లు రమ్మన్నా, ఇంట్లో టీవీ ఉంది కదా అనేది.

ఇక కొనడం సంగతి. మా ఇంట్లో ధర అడగడం చిన్నతనం, గాజులమ్మే ఆమెను కూడా మా అమ్మ ఎంతని అడిగి ఎరగదు. జనగామలో లెక్చరర్‌గా చేరాకే నేను ధర అడగడం నేర్చుకున్నాను, అదీ గొంతు తగ్గించకుండా. అయినా పాత రక్తం కదా, దుకాణంలోకి వెళ్ళగానే అన్నింటికంటే పెద్దది చూపించమన్నాను. దుకాణదారు గది పొడవు ఎంతని అడిగాడు. చెప్పాను. ఆ యంత్రం అంత పెద్ద బొమ్మ వెయ్యాలంటే దాన్ని మా మేనల్లుడి వంటింట్లో పెట్టాలని తేలింది. ధర వల్ల కాక గది వల్ల అది తప్పుకున్నందుకు నాకు కొంత ఊరట కలిగిందని ఒప్పుకుంటాను.

దానికంటే చిన్న యంత్రం డబ్బా మీద ఫోర్‌కె అని, బొమ్మ ఎంత స్పష్టమో చెప్పే గుర్తుగా, పెద్ద అక్షరాలు ఉన్నాయి. అది లోపలికి తీసుకునే బొమ్మ ఫోర్‌కె, గోడ మీద వేసేది అంతకంటే చాలా తక్కువ. వెలుతురు లెక్క కూడా అంతే, డబ్బా మీది ల్యూమెన్లన్నీ నిజం కావు, ప్రమాణం ప్రకారం కొలిచిన ఆన్సీ ల్యూమెన్లు ఎన్నో విడిగా అడగాలి. అక్క పెందలాడే పడుకునే మనిషి, మధ్యాహ్నమే చూడాలి కాబట్టి నాకు వెలుతురే ముఖ్యం. అందుకని దుకాణం షట్టరు తెరిపించి పగటి వెలుగులో వేయించి చూశాను, మరో రోజు వెళ్ళి చెవి దగ్గర పెట్టుకుని దాని లోపలి ఫ్యాను చప్పుడు విన్నాను. చివరికి దుకాణదారు నవ్వి, “సార్, ఇది ప్రొజెక్టరా, పిల్లసూపులా? ఇంకెన్నిసార్లస్తరు?” అన్నాడు. ముఖాలు స్పష్టంగా కనిపించి, చప్పుడు తక్కువగా ఉన్న మధ్యరకందాన్ని తీసుకున్నాను. గోడకు రంగు వేయించే బదులు మడత పెట్టే తెల్లటి తెర కొన్నాను.

హనుమకొండలో బస్సు మారి, డబ్బా ఒళ్ళో పెట్టుకునే వెళ్ళాను. కండక్టరమ్మ, “గదేంది పెద్దాయనా, సంటిపిల్లను వట్టుకున్నట్టు వట్టుకున్నవ్? పైన వెట్టరాదు?” అంది. నేను డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

మేనల్లుడి భార్య కిటికీలకు దళసరి పరదాలు కుట్టించి ఉంచింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పరదాలు లాగి, అక్కను తెరకు దగ్గరగా కుర్చీలో కూర్చోబెట్టి, రిమోటు నొక్కబోతుంటే ఆమె చెయ్యి ఎత్తింది.

“ఆగు తమ్మీ. పక్కింటామె రాలే.”

పక్కింటామె భర్త ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. రోజూ సాయంత్రం ఆమె వచ్చి అక్కకు టీవీలో జరిగేది నోటితో చెబుతుందట. బట్టలు ఆరేస్తోందని, కాసేపట్లో వస్తుందని కోడలు చెప్పింది. మొదలుపెడదాం, ఆమె వచ్చాక మళ్ళీ మొదటి నుంచి వేయవచ్చు, ఈ యంత్రంలో ఆ సౌకర్యం ఉందని నేనన్నాను.

“మనం రాకముందే సురువు చేస్తె ఎట్లుంటదో నీకెర్కలేదా?” అంది అక్క.

నేను రిమోటు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఎప్పుడో మానుకోటలో ఒక మనిషి మా జీపు కోసం అలాగే నిలబడేవాడు. పక్కింటామె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, “అయ్యో, నాకోసం ఆపిండ్రా సార్?” అని సిగ్గుపడింది. అవునన్నాను. ఆమెకు అక్క పక్కన కుర్చీ వేయించాను. ఇంకో కుర్చీకి చోటు లేక నేను తెర ముందు చాప మీద కూర్చున్నాను.

బొమ్మ పడింది. ఎవరో నటి ముఖం గోడంత అయింది. పక్కింటామె అలవాటుగా కథ చెప్పబోతే అక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, “నువ్వు జెప్పకు, కానొస్తుంది. ముక్కుపుడక గూడ కానొస్తుంది” అంది.

ఇప్పుడు ఎవరి బొమ్మ వాళ్ళ చేతిలో ఉంటోంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు, ఒకరి కోసం ఒకరు ఆగే పని లేదు. మానుకోట హాలు కూలగొట్టి దుకాణాలు కట్టారు, సోఫా ఏమైందో తెలియదు. ఆ హాల్లో నేను చూసిన బొమ్మలన్నీ వెనక నుంచి, ఎత్తు మీద నుంచి చూసినవే. తెరకు అంత దగ్గరగా, నేల మీద కూర్చుని తల ఎత్తి చూడటం మొన్ననే మొదటిసారి. ఆట ముగిసేసరికి మెడ పట్టేసింది.