మిరప మొక్కకు ఎంత వెలుగు?

కుండీలో మట్టికి బదులు వేసిన తడి కొబ్బరిపొట్టు మీద కాసేపు లైటు పడితే ఒక వాసన వస్తుంది. మట్టి వాసన కాదు, వాన వాసన అంతకన్నా కాదు. తడి గోనెసంచి నీడలో ఆరుతున్నట్టు ఉంటుంది. ఇళ్లల్లో పెంచే మొక్కలకు ఎల్ఈడీ లైట్లు అమర్చడం నా పని. మొన్న ఖమ్మంలో ఒక అపార్ట్‌మెంటులో లైటు బిగించి స్విచ్ వేశాక ఆ వాసన గుప్పుమంది. ఆ ఇంటావిడ పక్కనే నిలబడి, "ఫుల్లుగా పెట్టండి, తొందరగా పెరగాలి కదా" అంది. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ అచ్చం అలాగే అనుకున్నదాన్నే. అది తప్పని నాకు తెలియజెప్పిన మనిషి గుర్తొచ్చి, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆమె భూలక్ష్మత్త. చుట్టరికం ఏమీ లేదు, ఇల్లందులో మా పక్క క్వార్టర్ వాళ్లు. ఆమె భర్త రాజయ్య మామ బొగ్గు గనిలో ల్యాంపు రూములో పనిచేసేవాడు. గనిలోకి దిగేవాళ్ల టోపీలకు పెట్టుకునే లైట్లను చార్జింగ్ చేసి ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం ఆయన డ్యూటీ. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క, వాడకట్టు వాళ్ల మిక్సీలూ టీవీలూ విప్పుతూ కూర్చునేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజులవి.

అత్త పుట్టింది చర్ల అవతల అడవి ఊళ్లో. తునికాకు కోస్తూ, ఇప్పపువ్వు ఏరుతూ ఎండలోనే పెరిగిన మనిషి. అట్లాంటి మనిషికి ఎండ పడని జబ్బు వచ్చింది. కాస్త ఎండ తగిలితే చాలు, మొహమంతా కమిలేది, కీళ్లు వాచేవి, జ్వరం వచ్చేది. హైదరాబాదు డాక్టరు ఎండ తగలకూడదన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె కిటికీలు మూసేసింది, అద్దాలకు పేపర్లు అంటించింది, సాయంత్రాలు కూడా గడప దాటడం మానేసింది. ఉన్నకొద్దీ మాట తగ్గింది, తిండి తగ్గింది. మామ ఆమె కోసం కారేపల్లి నుంచి మిరప నారు తెచ్చి కుండీల్లో పెట్టాడు. చీకట్లో మొదటిది తెల్లగా సాగి వాలిపోయింది. రెండోదానికి పెద్ద బల్బు పెడితే ఆ వేడికి మాడిపోయింది. మిగిలింది ఒక్కటే.

"ఇది గూడ పోతే ఇంక నా కండ్ల ముందట ఏ చెట్టూ పెట్టకుండ్రి" అని తేల్చి చెప్పేసింది.

బయట వాకిట్లో పెడదామని మా అమ్మ అంటే, "బయట పెడితే నేను చూస్తనా? గప్పుడు అది ఎవరి చెట్టు?" అంది.

మామ ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. "చెట్టు కోసం గాదు బిడ్డా. ఆమె ఏదీ అడుగుత లేదు, ఏదీ వద్దంట లేదు. గా చెట్టు గురించి ఒక్కటే మాట్లాడుతది. అది గూడ పోతే నాకు బుగులైతాంది" అన్నాడు. మళ్లీ తనే, "మా ల్యాంపు రూముకు కొత్త లైట్లు వచ్చినయి. చెయ్యి పెడితే కాలుత లేదు. గసొంటిది మొక్కకు పెట్టరాదా?" అన్నాడు. అంత మంచి ఆలోచన నా డిప్లొమాకు తట్టనందుకు కొంచెం ఉడుక్కున్నాను కూడా.

హైదరాబాదు నుంచి ఎల్ఈడీలు తెప్పించి, అల్యూమినియం రేకు మీద వరసగా బిగించాను. వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ ఒక నాబ్ పెట్టాను. డాక్టరును ఫోనులో అడిగితే, ఆ లైటుతో భయం లేదు, నేరుగా దానివంక మాత్రం చూడొద్దన్నాడు. పైకప్పు కొక్కేనికి తాడుతో వేలాడదీసి, మొక్కకు జానెడు ఎత్తులో, ఫుల్ మీద, రాత్రీ పగలూ వెలిగించి పెట్టాను. ఎక్కువ పెడితే ఎక్కువ పెరుగుతుందని నా లెక్క. కొద్ది రోజులకే ఆకులు పైకి ముడుచుకున్నాయి, లైటు వైపున్నవి పాలిపోయాయి. నీళ్లు చాలలేదేమో అన్నాను.

అత్త చాలాసేపు మొక్కను చూసింది. "నీళ్లు గాదు. అది మొకం తిప్పుకుంటాంది. ఎండల నేను గిట్లనే జేస్త" అంది. అరచెయ్యి లైటుకూ మొక్కకూ మధ్య పెట్టింది. మట్టి మీద వేళ్ల నీడ గీత గీసినట్టు పడింది. "గీ నీడ జూడు, అంచు ఎంత గట్టిగున్నదో. గిసొంటి నీడ పడే తాన నేను నిలవడను."

ఆ ఇంట్లో ఏ సందులోంచి ఏ వేళకు ఎంత ఎండ దూరుతుందో ఆమెకు తెలుసు. అదంతా ఎట్లా తెలుసని ఆశ్చర్యపోతే, "ఎండ నాకు పగోడు బిడ్డా. పగోడు ఎప్పుడొస్తడో, ఎటుపోతడో ఎరుకుండాలె గద" అంది. తాడు లాగి లైటును మూరెడు ఎత్తుకు లేపాం, నాబ్ సగానికి తిప్పాం. ఇప్పుడు నీడ పలచబడింది. "రాత్రి బంద్ జెయ్యి. మీ మామ నైట్ షిఫ్టు జేసొస్తే పగలు పండుకోడా? దీనికి నిద్రొద్దా?" అంది. మామ వంటింట్లోంచి గట్టిగా నవ్వాడు.

అక్కణ్నుంచి మాకదొక పిచ్చి అయింది. కాండం సన్నగా సాగితే లైటును నాలుగు వేళ్లు దించడం, ఆకు ముడిస్తే మళ్లీ లేపడం. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు చెయ్యి పెట్టకుండా ఆగాలని అత్త షరతు. నాకేమో ఆగడం చేతకాదు. పొద్దున్నే గోడ అవతల నుంచి, "సరితా, ఇయ్యాల ఆకు ఏమంటాందో చూద్దువు దా!" అని కేక. మొక్కతో మాత్రం ఆమె తన పుట్టింటి కోయ భాషలో మాట్లాడేది. నాకు అర్థం కాకపోయినా వినబుద్ధేసేది. ఒకరోజు బొగ్గు కూడా ఒకప్పటి చెట్లేనని చెప్పాను. ఆమె పని ఆపేసి ఆలోచనలో పడింది.

"అంటే గా చెట్లు తాగిన ఎండే బొగ్గయిందా? గా బొగ్గుతోటే కరెంటు, గా కరెంటుతోటే ఈ లైటు. పాత ఎండనే మల్ల చెట్టుకు పోస్తున్నమన్నట్టు!" ఆ మాట విన్నాక నేను చదువుకున్న పాఠాలన్నీ మళ్లీ తెరిచి చూడాలనిపించింది.

మొగ్గలు వచ్చాక వెలుగు మెల్లమెల్లగా పెంచాం. పూలు విచ్చాయి, రెండు రోజులుండి రాలిపోయాయి. మళ్లీ పూశాయి, మళ్లీ రాలాయి. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. మామ మొహం చూడలేకపోయాను. నాబ్ వైపు నా చెయ్యి పోతుంటే ఆమె ఆపింది. "వెలుగు సరిపోయింది. ఆకు మంచిగున్నది చూడు. ఇంట్ల గాలి లేదు, ఈగ లేదు. పువ్వును కదిలించేటోళ్లెవరు?" అని, వేలితో పూల కాడలను మెల్లగా తట్టింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "పొద్దుగూకినంక అది తెరువుండ్రి. కొంచెం గాలి రావాలె" అంది.

ఏళ్ల తరబడి మూసిన కిటికీ. మామ పేపర్లు చింపి తెరిచాడు. గాలితో పాటు సంజె వెలుతురు లోపలికొచ్చింది. మామ కంగారుపడి మూయబోయాడు. "ఆగు" అంది అత్త. తన అరచెయ్యి ఆ వెలుతురులో పెట్టి గోడ మీద చూసింది. నీడ ఉందా లేదా అన్నట్టు పడింది. చెయ్యి దగ్గరకు, దూరానికి జరిపి చూసింది. "గీ వెలుగు నన్నేమంటది?" అని తనలో తాను అనుకున్నట్టు అని, లేచి, గోడ పట్టుకుని నడిచి, గడప అవతల మెట్టు మీద కూర్చుంది. మామ లోపలే నిలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మొదటి కాయ కోసిన రోజు అన్నంలో కొరికి, "కారమే లేదు!" అని పడీపడీ నవ్వింది. పోయేదాకా చాలా ఏళ్లు ప్రతి సాయంత్రం ఆ మెట్టు మీద కూర్చుంది. పగటి ఎండకు మాత్రం ఎప్పుడూ ఎదురుపడలేదు. ఆమె లేని లోటు నాకు ఇప్పటికీ తీరలేదు.

డాక్టరు చెప్పింది ఎండ వద్దని. మేమంతా వెలుగే వద్దని విన్నాం. ఎంత వద్దు అని ఆయన్ను అడగాలని చదువుకున్న నాకు తోచలేదు, ప్రేమించిన మామకు తోచలేదు. ఈ మధ్య మా నాన్నకు గుండె జబ్బని తేలి, "బరువు పనులు, నడకలు ఏమీ వద్దు" అని డాక్టరు చీటీ రాస్తుంటే, "ఎంత వరకు వద్దు సార్?" అని అడిగాను. ఆయన విసుక్కున్నాడు. నేను లేవలేదు. చివరికి పెన్ను పక్కన పెట్టి నాన్న వైపు తిరిగి, "మీ ఇంటి నుంచి ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తుంది?" అని మొదటిసారి ఆయన్నే అడిగాడు.