సంతకం పెట్టనన్నాను

పెళ్లయిన ఏడో ఏట మా అత్త నా ముందు ఒక కాగితం పెట్టింది. నా భర్త రెండో పెళ్లి చేసుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదని అందులో రాసి ఉంది. కింద నేను సంతకం పెట్టాలి. పెళ్లికూతురు మా అత్త సొంత తమ్ముడి కూతురు, పంతొమ్మిదేళ్ల పిల్ల.

"నిన్నేం ఎల్లగొట్టడం లేదు. నీ కూడు నీకుంటాది, నీ గది నీకుంటాది. వంశం నిలబడాల గదా," అంది అత్త.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసేవాడు. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. నన్నెవరైనా అంటే అడ్డుపడినవాడూ కాదు. ఆడబిడ్డ సీమంతంలో గాజులు తొడగడానికి నేను లేస్తే, "నువ్వుండు" అని అత్త నా చేతిలోంచి గాజులు తీసేసుకుంది. ఆయన ఆ పందిట్లోనే తల వంచుకుని విస్తర్లు తుడుస్తూ ఉండిపోయాడు.

కాగితం వచ్చేనాటికే నాకో సంగతి తెలుసు. ఏడాది కిందట, తిరుచానూరు అమ్మవారి దగ్గరికని ఇంట్లో చెప్పి, తిరుపతిలో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. పరీక్షలన్నీ చేసి, "నీలో ఏ లోపమూ లేదమ్మా. మీ ఆయన్ని తీసుకురా," అందామె. అమ్మవారి పేరు చెప్పి అబద్ధమాడానన్న మాట ఉండకూడదని, ఆ పూటే తిరుచానూరుకూ వెళ్లి దండం పెట్టుకుని వచ్చాను. ఇంటికొచ్చి ఆయనతో చెబితే ముఖం ఎర్రబడింది. "మగోడికేం పరీక్షలు?" అన్నాడు. మాట అంతటితో తెగిపోయింది.

ఇప్పుడు ఆ కాగితం చేతిలో పట్టుకుని అందరి ముందే చెప్పాను.

"పెడతానత్తా. ముందు నీ కొడుకు తిరుపతికి వచ్చి పరీక్ష చేయించుకోవాల. ఏ లోపమూ లేదని డాక్టరమ్మ రాసిస్తే ఆ పొద్దే పెడతా."

అత్త గగ్గోలు పెట్టింది. మా నాయనను పిలిపించారు. నాయన వచ్చి నా పక్కన కూర్చుని, "సర్దుకోమ్మా. ఈ ఇల్లు ఇడిసి యాడికి పోతావు?" అన్నాడు.

"యాడికీ పోను నాయనా. ఈడనే ఉంటా. సంతకం మాత్రం పెట్టను."

నెల గడిచింది. చివరికొక ఉదయం నా భర్తే చొక్కా తొడుక్కుని, "పా, పోదాం. ఈ గోల తెగిపోతాది," అన్నాడు. తనలో ఏమీ ఉండదనే ఆయన నమ్మకం.

రిపోర్టు కోసం రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. లోపం ఆయనదే. మందులతో బాగయ్యే ఆశ చాలా తక్కువ.

బస్టాండులో ఆయన చేతిలో టీ చల్లారిపోయింది.

"ఇంట్లో చెప్పొద్దే. నా పరువు పోతాది."

"ఏడేండ్లుగా నా పరువు పోతానే ఉండాది. నువ్వు సూస్తానే ఉండావు."

ఆయన ఆ టీ పారబోశాడు.

"నేను చెప్పనులే. నువ్వే చెప్పాల," అన్నాను.

రిపోర్టు నా సంచిలోనే ఉంది. తీసి చూపించడం నిమిషం పని. కానీ ఆయన తనంతట తాను నా పక్కన నిలబడకపోతే, ఇక ఆయనతో కాపురం చేయలేనని నాకు అర్థమైంది.

ఇంటికొచ్చి ఆయన, "రిపోర్టు ఇంకా రాలేదు," అన్నాడు. అత్త ఆగలేదు. ఆదివారం తాంబూలాలు మార్చుకోవడానికి తమ్ముణ్ని, అతని కూతురిని పిలిపించింది. ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరగసాగింది.

"అక్కా, నువ్వు ఒప్పుకున్నావా?"

"లేదు. నువ్వు?"

"నన్నెవురడిగినారు?" అంది, తల ఎత్తకుండానే.

గరిటె పక్కన పెట్టాను. ఇంకో ఏడేళ్లకు ఈ పిల్లనూ గొడ్రాలనే అంటారు. ఆయన్ని పెరట్లోకి పిలిచాను.

"నేను చెప్పనన్నది నా ఒక్కదాని బతుకు గురించి. ఆ పిల్ల గొంతు కూడా కోస్తావా? ఇప్పుడు నువ్వు చెప్పకుంటే నేనే చెప్తా. చెప్పి నా దోవన నేను పోతా."

ఆయన తొట్టి దగ్గరికి వెళ్లాడు. ముఖం కడుక్కుని లోపలికి నడిచాడు. ఆయన మేనమామ ముందు తాంబూలం పళ్లెం ఉంది.

"మామా, పళ్లెం తీసెయ్. లోపం నాది. ఆమెకేం లేదు. ఎవుర్ని చేసుకున్నా నాకు పిల్లలు పుట్టరు."

"దాని మాట ఇని అట్ల చెప్తా ఉండావురా!" అని అత్త అరిచింది.

"లేదుమా. రిపోర్టు ఉండాది. ఎవురితోనైనా చదివించుకో."

మామ లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, కూతురిని తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పిల్ల తర్వాత నర్సింగు చదివి ఉద్యోగంలో చేరింది.

అత్త మూడు నెలలు మాతో మాట్లాడలేదు. తప్పయిందని ఏనాడూ అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. మేము చిత్తూరుకు మారి అద్దె ఇంట్లో కాపురం పెట్టాం. నేను కుట్టుమిషను పెట్టుకున్నాను. రెండేళ్లు మందులు వాడాం. ఫలితం లేదు. ఇక చాలని ఇద్దరం కలిసే అనుకున్నాం.

కొత్తగా పరిచయమైనవాళ్లు పిల్లలెంతమందని నన్నడిగితే ఆయనే ముందు అందుకుంటాడు. "లేరప్పా. నాకు పుట్టరు." మొదట్లో ఆ మాట అన్న ప్రతిసారీ ఆయన చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు మామూలుగానే చెప్పేసి తన పనిలో పడిపోతాడు.