పాట ఎత్తుకున్న సాయంత్రం

పెళ్లయి కోనసీమ నుంచి హైదరాబాదులో నాచారం వచ్చిన కొత్తలో నాకు బాగా వచ్చిన మాట ఒక్కటే: "మీ ఇష్టం." ఏ కూర వండాలో, ఏ చీర కట్టాలో ఆయన ఇష్టం. పిల్లలు ఎదిగాక గోడల రంగు వాళ్ల ఇష్టం. నా ఇష్టం ఏమిటని ఎవరూ అడగలేదని ఇన్నేళ్లూ లోలోపల మూతి ముడుచుకునేదాన్ని. నిజం చెప్పాలంటే రెండు మూడుసార్లు అడిగారు. అప్పుడూ "మీ ఇష్టం" అనే అన్నాను.

ఆయన మల్లాపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పొద్దున ఎనిమిదికి వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. రోజంతా నాకు తోడు పక్కింటి ఆవిడే. వాళ్లు ఈ ఊరివాళ్లు, ఇప్పుడు అపార్టుమెంట్లు ఉన్నచోట ఒకప్పుడు వాళ్ల జొన్నచేలు ఉండేవట. నేను మర్యాదగా "పిన్నిగారూ" అని పిలిస్తే నవ్వేసింది.

"గారు గీరు ఏంది బిడ్డా? పెద్దమ్మా అను, సాలు."

బతుకమ్మ ఆడటం నాకు పెద్దమ్మే నేర్పింది. ఆ రోజుల్లో మా సందులో పూలు కొనేవాళ్లు లేరు. తెల్లవారగానే ఇద్దరం సంచులు పట్టుకుని బోడుప్పల్ వైపు ఖాళీ ప్లాట్లలోకి నడిచేవాళ్లం. హద్దురాళ్ల మధ్య గునుగు మోకాలెత్తు పెరిగి ఉండేది, అక్కడక్కడా పచ్చగా తంగేడు. మంచుకు చీర కుచ్చిళ్లు తడిసి బరువెక్కేవి. ఇంటికి వచ్చి గునుగు కొసలను రంగునీళ్లలో ముంచితే నా చేతులు వారం రోజులు గులాబీ రంగులోనే ఉండేవి. ఆ చేతులతో వడ్డిస్తుంటే ఆయన విసుక్కునేవారు. అయినా ఆ వారం నేను గట్టిగా రుద్ది కడుక్కునేదాన్ని కాదు. ఆ ప్లాట్లన్నీ ఇప్పుడు ఐదంతస్తులు. ఆ పొద్దుటి నడకల కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది.

సాయంత్రం సందు చివర బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరిగేటప్పుడు పెద్దమ్మ పాట ఎత్తుకునేది. ఒకరు చరణం పాడాలి, మిగతావాళ్లంతా చప్పట్లు కొడుతూ "ఉయ్యాలో" అని అందుకోవాలి. ఆ అందుకోవడం నాకు సరిగ్గా సరిపోయింది. అందరి గొంతుల మధ్య మన గొంతు దాక్కుంటుంది, తప్పు పాడినా ఎవరికీ తెలియదు. ఇరవై తొమ్మిదేళ్లు అలాగే అన్నాను.

పోయినేడు పెద్దమ్మకు గొంతు ఆపరేషన్ అయింది. దవాఖానా నుంచి వచ్చాక మాట గుసగుసే అయిపోయింది. పాడేవాళ్లు లేరు కదా అని కాలనీ అసోసియేషన్‌వాళ్లు సౌండు బాక్సులు మాట్లాడారు. ఒకసారి బాక్సులు వచ్చాయంటే ఈ సందులో ఇక నోటితో పాడేవాళ్లు ఉండరని పెద్దమ్మ బెంగ. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున, ఉప్పల్ రోడ్డు మీద కొన్న గునుగు కట్టలు విప్పుకుని కూర్చున్నాను. ఆవిడ కర్ర ఊతంగా వచ్చి నా పక్కన కూలబడింది.

"డబ్బా పాడితే మనమెందుకు బిడ్డా? ఈసారి నువ్వెత్తుకో. అందరికీ జెప్పిన."

"మీ ఇష్టం పెద్దమ్మా," అన్నాను.

అలవాటు! ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక గాని ఏం ఒప్పుకున్నానో తెలియలేదు. అప్పటికే ఆవిడ గుమ్మం దాటింది. ఆయనతో చెబితే పేపరు దించకుండానే "నువ్వా? పాడటమా?" అన్నారు. కోపం రావాల్సిందే. నాకూ అదే అనుమానం కాబట్టి రాలేదు. ఆ రోజంతా చరణాలు వల్లె వేస్తూ నైవేద్యానికి చేసే సత్తుపిండిలో బెల్లం రెండుసార్లు వేశాను.

సాయంత్రం బాక్సులు ఒక మూల సిద్ధంగా ఉన్నాయి. "ఆంటీ పాడకుంటే చెప్పుర్రి, ఆన్ చేస్త," అన్నాడు అసోసియేషన్ ప్రెసిడెంటు. పెద్దమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నాకేసి తల ఊపింది. మొదటి చరణం పాడాను. గొంతు వణికింది గాని వచ్చింది. అందరూ "ఉయ్యాలో" అన్నారు. నేనూ వాళ్లతో కలిసి హాయిగా "ఉయ్యాలో" అన్నాను. చప్పట్లు కొట్టి, అడుగు వేసి, తర్వాతి చరణం కోసం ఎదురుచూశాను.

ఎవరూ పాడలేదు. ఇంకో రెండు అడుగులు వేశాం. చప్పట్లు తప్ప ఏమీ వినబడటం లేదు. ఎవరబ్బా ఇంత ఆలస్యం చేస్తున్నారు అని విసుక్కుని చుట్టూ చూశాను కూడా. అందరూ నన్నే చూస్తున్నారు. ప్రెసిడెంటు చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లింది.

పెద్దమ్మ కుర్చీలో ముందుకు వంగి, లేని గొంతు తెచ్చుకుంది. "ఎవలి కోసం సూస్తున్నవ్ బిడ్డా? నువ్వే!"

సిగ్గుతో చచ్చిపోయాను. యాభై నాలుగేళ్లు వచ్చి, నా వంతు వచ్చినప్పుడు కూడా ఇంకెవరో పాడతారని నిలబడ్డానే అని ఏడుపొచ్చింది. ఆ కంగారులో వల్లె వేసిన చరణాలన్నీ ఎగిరిపోయాయి. నోటికి ఏది వస్తే అది పాడాను. "బోడుప్పలు జాగల్ల ఉయ్యాలో, గునుగు కోస్తిమమ్మ ఉయ్యాలో." తర్వాత హద్దురాళ్లు వచ్చాయి, తడిసిన కుచ్చిళ్లు వచ్చాయి, గులాబీ చేతులు వచ్చాయి. ఒకచోట తాళం తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. పాతవాళ్లు కొందరు నవ్వుకున్నారు, ఆ ప్లాట్లు వాళ్లకూ గుర్తే. ప్రెసిడెంటు స్విచ్చు వదిలేసి, భార్య హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు టీ తాగుతూ ఆయన తన ఫోను నా ముందు పెట్టారు. వీడియో తీశారని నాకు తెలియనే తెలియదు. నా గొంతు నాకే వింతగా ఉంది. చివర్లో ఫోను పెద్దమ్మ వైపు తిరిగింది. ఇరవై తొమ్మిదేళ్లు ఆవిడ పాటకు నేను ఉయ్యాలో అన్నాను. ఇప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుని, అరచేతి మీద రెండు వేళ్లతో తాళం వేస్తూ, చప్పుడు లేని పెదవులతో నా పాటకు ఉయ్యాలో అంటోంది.

"ఇంకోసారి పెట్టనా?" అన్నారు ఆయన.

"పెట్టండి," అన్నాను. "నాకు చూడాలని ఉంది."