కండక్టర్ అనసూయ రక్తపరీక్ష

వేమూరు దాటగానే అనసూయ కడుపులో మెలితిప్పింది.

"వీరాస్వామన్నా, బండాపు!" అని అరిచింది. డ్రైవరు బ్రేకు వేశాడు.

"తెనాల్లో రైలందుకోవాలమ్మా, ఇదేంటి?" ఎవరో కసిరారు. అనసూయ వినిపించుకోలేదు. డబ్బుల సంచి వీరాస్వామి చేతిలో పెట్టి, రోడ్డు పక్క ఇంటి తలుపు తట్టింది. ఆ ఇంటి ముసలామె ఆమె మొహం చూసి ఏమీ అడక్కుండా దొడ్లోకి దారి చూపించింది. ఆ రోజు పడిందంతా నెత్తురే.

రేపల్లె డిపోలో ఆడ కండక్టర్లు తక్కువగా ఉన్న రోజులవి. దారిలో అవసరం పడకూడదని అనసూయ మంచినీళ్లు కూడా తాగకుండా డ్యూటీ ఎక్కేది. బాపట్లలో పుట్టింటివాళ్లు చూపించిన డాక్టరు జిగట విరేచనాలన్నాడు. మందులు వాడినన్నాళ్లూ తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలయ్యేవి. బండి ఆపించిన ఆ సాయంత్రమే వీరాస్వామి పట్టుబట్టి తెనాలిలో డాక్టర్ ఇందుమతి దగ్గరికి పంపాడు.

ఆవిడ కెమెరా ఉన్న గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపలంతా పుండ్లు పడ్డాయంది. మాత్రలిచ్చి, పేగు నుంచి తీసిన చిన్న ముక్కనూ రక్తాన్నీ పరీక్షకు హైదరాబాదు పంపింది. నెత్తురు ఆగింది గానీ ఫలితం వచ్చేదాకా అనసూయకు అన్నం సయించలేదు. క్యాన్సరేమోనన్న భయం భర్తకు కూడా చెప్పలేదు.

"క్యాన్సర్ కాదమ్మా," ఫలితం రాగానే ఇందుమతి మొట్టమొదట ఆ మాటే చెప్పింది. "రోగాల్ని తరమాల్సిన యాంటీబాడీలు మీలో మీ తెల్లకణాల మీదకే పుడుతున్నాయి. అవే జబ్బు తెచ్చాయనుకోకండి, అవి గుర్తు మాత్రమే. ఇంత ఎక్కువున్నవాళ్లలో కొందరికి జబ్బు మొండికేస్తుంది."

"నాకూ అంతేనా అండీ?"

"చెప్పలేను. మబ్బు పట్టిందంటున్నాను, వాన పడి తీరుతుందనడం లేదు. మాత్రలు ఆపొద్దు. నెత్తురు కనిపిస్తే ఆ రోజే రండి."

"తగ్గింది కదా, ఇంకా మాత్రలెందుకే?" అన్నాడు భర్త వెంకటరత్నం. ఆమెకూ మానెయ్యాలనే ఉండేది. మానలేదు.

అయినా వానాకాలంలో తిరగబెట్టింది. బుద్ధిగా మందు మింగినా వచ్చిందని అనసూయకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కానీ దాచలేదు. "ఏవండీ, తెనాలి పోదాం పదండి," అంది.

ఆసుపత్రిలో సూదిమందులు పనిచెయ్యలేదు. పేగు చిల్లి పడకముందే పెద్దపేగు తీసేశారు. "ఆలస్యం చేసుంటే మనిషి దక్కేది కాదు," అన్నాడు సర్జను. 

మలం పడేందుకు పొట్టకు తగిలించిన సంచి చూసుకుని అనసూయ చాలా రోజులు గడప దాటలేదు. డిపోలో కూర్చునే పని ఇస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. "నాకు బండే కావాలండి."

ఎండలు ముదిరేసరికి రేపల్లె–బాపట్ల బస్సులో టికెట్లు కొడుతూ కనిపించింది. ఖాకీ చొక్కా కింద ఏముందో వీరాస్వామికి తప్ప బండిలో ఎవరికీ తెలీదు.